ప్లగ్ చేస్తే గిటార్ ప్లాస్టిక్ లాగా మోగుతోందా? అకౌస్టిక్ వాయిద్యాల పికప్ సౌండ్ మీద తరచుగా అడిగే ప్రశ్నలు

గిటార్, వయొలిన్, మాండలిన్, వీణ, డబుల్ బేస్, ఏదైనా సరే, ఒళ్ళో పెట్టుకుని వాయిస్తే కమ్మగా మోగే వాయిద్యం స్పీకర్లోకి వెళ్ళేసరికి సన్నగా, గీరుకుపోయినట్టు వినపడుతుంది, వెంటనే పికప్ (వాయిద్యం కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే పరికరం) మార్చేద్దాం అనిపిస్తుంది. కాస్త ఆగండి. మార్చాల్సి రావచ్చు, కానీ చాలాసార్లు తేడా అంతా పికప్ వాయిద్యానికి ఎలా ఆనుకుని ఉంది, దాన్ని దేంట్లోకి ప్లగ్ చేశారు అన్న రెండిట్లోనే ఉంటుంది. అందుకే ఖర్చు లేకుండా అయ్యేవి ముందు పెట్టి, కొనాల్సినవి తర్వాత పెట్టాను, మధ్యమధ్యలో వరస తప్పితే ఏమనుకోకండి.

పికప్ సౌండ్ అసలు సౌండ్ లాగా ఎందుకు ఉండదు?

మనం వినేది తీగని కాదు, తీగ ఊపిన చెక్కని, ఆ చెక్క ఊపిన గాలిని, ఆ గాలి తగిలిన గోడల్ని. గిటార్ తీసుకుంటే లోపలి గాలి సుమారు 100 హెర్ట్జ్ దగ్గర, పై చెక్క సుమారు 200 హెర్ట్జ్ దగ్గర గట్టిగా స్పందిస్తాయి, వయొలిన్‌లో అయితే గాలి రెసొనెన్స్ (ఇలా గట్టిగా స్పందించే చోటు) 270-280 హెర్ట్జ్ చుట్టుపక్కల ఉంటుంది. మనం వాయిద్యం తియ్యదనం అనుకునేదాంట్లో చాలా భాగం ఇక్కడే పుడుతుంది. శాడిల్ (బ్రిడ్జిలో తీగలు ఆనే సన్నటి ముక్క) కింద దూర్చిన పియెజో (నొక్కితే కరెంటు సిగ్నల్ పుట్టించే పదార్థం) పట్టీకి మాత్రం తీగ నొక్కుడే నేరుగా తెలుస్తుంది, చెక్క ఇంకా తన పని పూర్తి చేయకముందే అది సిగ్నల్ పంపించేస్తుంది. అందుకే మీటిన తొలి దెబ్బ మరీ పదునుగా, తర్వాత రావాల్సిన నిండుదనం పల్చగా వస్తుంది. సౌండ్ హోల్‌లో పెట్టే మాగ్నెటిక్ పికప్ అయితే చాలావరకు స్టీలు తీగ కదలికనే చూస్తుంది, చెక్క సంగతి దానికి పెద్దగా పట్టదు.

అంటే ఇందులో ఏదీ చెడిపోయి అలా మోగడం లేదు, వాటి పని అవి చేస్తున్నాయి. ఆ సిగ్నల్‌కి లేనిదాన్ని కొంత కలపడం, ఉన్న అతిని కొంత తగ్గించడం మన పని.

ఎన్ని రకాల పికప్‌లు ఉన్నాయి, దేని గుణం ఏంటి?

టూకీగా చెప్తాను. శాడిల్ కింద పెట్టే పియెజో: ఫీడ్‌బ్యాక్‌ని (స్పీకర్లోంచి లేచే ఆ హూ అనే అరుపుని) బాగా తట్టుకుంటుంది, బ్యాండ్‌లో తెగి వినపడుతుంది, కానీ గట్టిగా మీటితే బాతు అరిచినట్టు ఉంటుంది, దాన్నే క్వాక్ అంటారు. బ్రిడ్జి ప్లేట్ (బ్రిడ్జికి సరిగ్గా కింద, వాయిద్యం లోపల ఉండే పలక) కింద అంటించే పియెజో డిస్కులు, అంటే కె అండ్ కె ప్యూర్ మినీ లాంటివి: చెక్క ఊపుని తీసుకుంటాయి కాబట్టి మెత్తగా, గుండ్రంగా ఉంటుంది సౌండ్, కానీ లో-మిడ్స్ (బేస్‌కి కాస్త పైన ఉండే సౌండ్) ఎక్కువ, పెద్ద వాల్యూమ్‌లో ఫీడ్‌బ్యాక్‌కి తొందరగా లొంగిపోతాయి. మాగ్నెటిక్: వీటన్నిట్లో ఫీడ్‌బ్యాక్ భయం తక్కువ, కాకపోతే ఎలక్ట్రిక్ గిటార్ వాసన వస్తుంది. లోపల పెట్టే చిన్న మైక్: గాలి వినపడుతుంది, దాంతో పాటు పక్కనున్న డ్రమ్స్ కూడా వినపడతాయి. వీటిలో రెండు కలిపి చేసినవీ ఉన్నాయి, ఎల్.ఆర్. బ్యాగ్స్ యాంథమ్‌లో శాడిల్ కింది పికప్ ప్లస్ మైక్ ఉంటాయి.

ఒక్కరే కూర్చుని నెమ్మదిగా వాయించే చోటికి, డ్రమ్మర్ పక్కన నిలబడి వాయించే చోటికి ఒకే పికప్ బెస్ట్ అని ఎవరైనా అంటే నమ్మకండి.

నా పియెజో సౌండ్ సన్నగా, బేస్ లేకుండా, గీకినట్టు ఉంది. పికప్ పోయిందా?

ఎక్కువ మంది అడిగేది ఇదే, ఎక్కువసార్లు జవాబు కూడా ఒకటే: ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కి ఇన్‌పుట్ చూపించే అడ్డు. ప్రీఆంప్ (సిగ్నల్‌ని ముందే సిద్ధం చేసే చిన్న ఆంప్) లేని పియెజోని నేరుగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లోకి గుచ్చేసి ఉంటారు.

కొంచెం లెక్క చూద్దాం, కష్టమేం కాదు. పియెజో కరెంటుపరంగా ఒక చిన్న కెపాసిటర్‌లా ప్రవర్తిస్తుంది. దాని కెపాసిటెన్స్ 1 నానోఫారడ్ అనుకుందాం. అది మీరు ప్లగ్ చేసిన ఇన్‌పుట్ రెసిస్టెన్స్‌తో కలిసి తనంతట తానే ఒక హై-పాస్ ఫిల్టర్ అయిపోతుంది, అంటే ఒక ఫ్రీక్వెన్సీ కింద ఉన్నదంతా కోసుకుంటూ పోతుంది. లైన్ ఇన్‌పుట్ 10 కిలోఓమ్‌లు అయితే ఆ కోత సుమారు 16,000 హెర్ట్జ్ దగ్గరే మొదలవుతుంది, అంటే సంగీతం అన్నదంతా కోతలోనే ఉంది, మీకు వినపడేది మిగిలిన గీకుడు. మామూలు పాసివ్ (కరెంటు అక్కర్లేని) డీఐ బాక్స్‌లో, అంటే వాయిద్యం సిగ్నల్‌ని మిక్సర్‌కి నప్పేలా మార్చే డబ్బాలో, ఇన్‌పుట్ 140 కిలోఓమ్‌ల దగ్గర ఉందనుకోండి, కోత సుమారు 1,100 హెర్ట్జ్ నుంచి. 1 మెగాఓమ్ అయితే 159 హెర్ట్జ్, ఇది పర్లేదు కానీ గిటార్ కింది ఇ తీగ 82 హెర్ట్జ్ కదా, అక్కడ ఇంకా 7 డెసిబెల్స్ దాకా పోతుంది. 10 మెగాఓమ్‌లు పెడితే కోత 16 హెర్ట్జ్‌కి దిగిపోతుంది, ఇక డబుల్ బేస్ 41 హెర్ట్జ్ కూడా నిక్షేపంగా వస్తుంది.

మిక్సర్లో ఎంత బేస్ పెంచినా ఇది సరిగ్గా కుదరదు ఎందుకంటే పోయిన సిగ్నల్‌ని లాగబోతే దాంతోపాటు నాయిస్ కూడా పైకి వస్తుంది. కాబట్టి పియెజోకి ముందుగా 1 నుంచి 10 మెగాఓమ్‌ల ఇన్‌పుట్ ఉన్న ప్రీఆంప్ గానీ యాక్టివ్ (కరెంటుతో నడిచే) డీఐ గానీ పెట్టండి. రేడియల్ పీజెడ్-డీఐ లాంటి వాటిలో 220 కిలోఓమ్‌లు, 1 మెగాఓమ్, 10 మెగాఓమ్‌లు అని స్విచ్ ఉంటుంది, తిప్పి వినండి, ఈ పేరా చదవడం కంటే అది వింటే తొందరగా అర్థమవుతుంది.

ఒక్క మాట: అన్ని పియెజోలూ 1 నానోఫారడ్ దగ్గరే ఉండవు. బ్రిడ్జి ప్లేట్ కింద అంటించే డిస్కుల కెపాసిటెన్స్ మామూలుగా చాలా ఎక్కువ, అందుకే వాటికి 1 మెగాఓమ్ హాయిగా సరిపోతుంది. 10 పెడితే బేస్ మరీ బొంగురుగా అయిందనిపిస్తే 1 కి తిప్పేయండి, తప్పేం లేదు. వాయిద్యంలోనే బ్యాటరీతో నడిచే ప్రీఆంప్ ఉంటే మాత్రం ఈ గొడవంతా లోపలే తీరిపోయింది, మీరు దేంట్లోకి గుచ్చినా దాదాపు ఫర్వాలేదు.

కేబుల్ పొడుగు వల్ల సౌండ్ మారుతుందా?

ప్రీఆంప్ లేకపోతే మారుతుంది, ఉంటే పట్టించుకోనక్కర్లేదు. గిటార్ కేబుల్‌కి మీటరుకి ఓ 100 పికోఫారడ్‌లు ఉంటాయనుకుంటే 5 మీటర్లకి 500. మాగ్నెటిక్ పికప్‌కి ఇది ట్రెబుల్ తినేస్తుంది. పియెజోకి అలా కాదు, మొత్తం లెవెలే పడిపోతుంది, పైన చెప్పిన 1 నానోఫారడ్ పికప్‌కి సుమారు 3.5 డెసిబెల్స్ పోతాయి. దాంతోపాటు కేబుల్ కదిలినప్పుడల్లా గరగర కూడా వస్తుంది. పాసివ్ పియెజో వాడేవాళ్ళు పొట్టి కేబుల్‌తో ప్రీఆంప్‌ని దగ్గర్లో, బెల్టుకో స్టాండుకో తగిలించుకుంటే చాలు, ఆ తర్వాత కేబుల్ ఎంత పొడుగైనా పోనివ్వండి.

క్వాక్ తగ్గించాలంటే?

మొదటిది మీ చెయ్యి. గట్టిగా మీటి అలవాటైన చేతికి ఆంప్లిఫయర్ ఉందన్న సంగతి గుర్తు చేయాలి, మెత్తగా వాయించి వాల్యూమ్ నాబ్‌ని ఆ పని చేయనివ్వండి. దెబ్బ తగ్గితే క్వాక్ సగం పోతుంది, ఇది ఎవరూ నమ్మరు కానీ ఒకసారి చేసి చూడండి.

రెండోది హెడ్‌రూమ్, అంటే సౌండ్ చిట్లకుండా లెవెల్ పైకి లేవడానికి మిగిలిన ఖాళీ. పియెజో తొలి దెబ్బ లెవెల్ చాలా ఎత్తుకి వెళ్తుంది, 9 వోల్టుల మీద నడిచే ప్రీఆంప్‌లో ఆ శిఖరం కొట్టేసుకుని చదునైపోతుంది, మనం వినే కరకరలో కొంత ఆ క్లిప్పింగే. వాయిద్యం మీద వాల్యూమ్ ఫుల్లుగా పెట్టకుండా ముప్పావు దగ్గర ఉంచండి, బాక్స్ గెయిన్ తగ్గించండి, క్లిప్ లైటు వెలగకూడదు. 18 వోల్టుల మీద నడిచే వీలున్న ప్రీఆంప్ అయితే అలాగే నడపండి.

మూడోది ఈక్యూ, అంటే బేస్, మిడ్, ట్రెబుల్‌ని విడివిడిగా పెంచే, తగ్గించే నాబ్‌లు. 1 నుంచి 3 కిలోహెర్ట్జ్ మధ్యలో ఒక చోట ఉంటుంది ఆ గోల. పారామెట్రిక్ మిడ్ (ఏ ఫ్రీక్వెన్సీనో మీరే తిప్పి ఎంచుకునే మిడ్) ఉంటే ముందు 6 డెసిబెల్స్ పెంచి, నెమ్మదిగా ఫ్రీక్వెన్సీ తిప్పుతూ పోండి, ఎక్కడ చెవి మూసుకోవాలనిపిస్తుందో అక్కడ ఆగి 3 నుంచి 6 డెసిబెల్స్ దించండి. అంతకు మించి దించితే తీగ కూడా మునిగిపోతుంది.

ఒక తీగ గట్టిగా, పక్క తీగ నీరసంగా వస్తోంది. ఎందుకు?

పియెజో పట్టీ అయితే తొంభై పాళ్ళు శాడిల్ పనే. శాడిల్ అడుగు భాగం, అది కూర్చునే గాడి అడుగు, రెండూ చదునుగా ఉండి ఒకదాని మీద ఒకటి పూర్తిగా ఆనాలి. ఎక్కడ సందు ఉందో అక్కడి తీగ వినపడదు. శాడిల్‌ని చేత్తో రుద్దితే అడుగు గుండ్రమైపోతుంది, గ్లాసు మీద సన్న ఎమెరీ కాగితం పరిచి, శాడిల్ నిటారుగా ఉండేలా ఒక చదరపు చెక్కకి ఆనించి రుద్దాలి. గాడిలో శాడిల్ బిగుతుగా కూడా ఉండకూడదు, వేళ్ళతో లాగితే వచ్చేయాలి, కానీ ఊగకూడదు. మరీ బిగిస్తే తీగ నొక్కుడు కిందికి దిగకుండా గోడలే మోసేస్తాయి.

గాడి అడుగున చెక్క పొట్టు, పాత జిగురు ఉంటే తీసేయండి. కేబుల్ గాడిలోంచి కిందికి దిగే రంధ్రం అంచు పదునుగా ఉంటే పట్టీ అక్కడ మడతపడి ఆ వైపు తీగ చచ్చిపోతుంది, అంచు కొంచెం వాలుగా చెక్కాలి. తీగ శాడిల్ మీదుగా కిందికి వంగే కోణం ఒక తీగకి ఎక్కువ, ఒక తీగకి తక్కువ ఉన్నా లెవెల్స్ తేడాగా వస్తాయి. ఇవన్నీ చూశాక ఇంకా తేడా ఉంటేనే కింద పల్చటి షిమ్ (సందు పూడ్చే ముక్క) పెట్టే ఆలోచన చేయండి, ఎందుకంటే షిమ్ పెట్టి సరి చేసినవి వాతావరణం మారగానే మళ్ళీ తప్పుతుంటాయి. ఎముక శాడిల్‌లో ఒక చోట గట్టిగా ఒక చోట మెత్తగా ఉండే అవకాశం ఉంది, మనిషి తయారు చేసిన టస్క్, మైకార్టా లాంటివి అంతటా ఒకేలా ఉంటాయి. మైక్ ముందు ఎముకే నాకు ఇష్టం, శాడిల్ కింద పికప్ ఉంటే మాత్రం మైకార్టాకి ఓటేస్తాను.

మాగ్నెటిక్ పికప్‌లో పైన రెండు తీగలే అరుస్తున్నాయి?

అకౌస్టిక్ తీగల మీద చుట్టిన బ్రాంజ్‌కి అయస్కాంతంతో పని లేదు, లోపలి స్టీలు తీగే పికప్‌కి కనిపిస్తుంది. పైన చుట్టు లేని రెండు తీగలు పూర్తిగా స్టీలు కాబట్టి అవి ముందుకొస్తాయి. పోల్ స్క్రూలు ఉంటే ఆ రెండు తీగల కింద దించండి, లేకపోతే పికప్‌ని ఒక వైపు వంచి బిగించండి. నికెల్ చుట్టిన తీగలు వేస్తే కూడా బ్యాలెన్స్ వస్తుంది, కాకపోతే ప్లగ్ చేయనప్పుడు ఆ మెరుపు కొంచెం తగ్గుతుంది. నైలాన్ తీగలకి మాగ్నెటిక్ పికప్ పని చేయదు, ఇది కొనేశాక తెలుసుకునేవాళ్ళు ఉన్నారు.

అంటించే కాంటాక్ట్ పికప్‌ని ఎక్కడ పెట్టాలి, దేంతో అంటించాలి?

ఎక్కడ అన్నదానికి పుస్తకంలో జవాబు లేదు, వెతకాలి. ముందు కొంచెం పుట్టీతో తాత్కాలికంగా అంటించి, బ్రిడ్జికి దగ్గరగా మొదలుపెట్టి ఒక్కో సెంటీమీటరు జరుపుతూ ప్రతి చోటా అదే పాట వాయించి రికార్డు చేసుకోండి, మర్నాడు వింటే ఏది బాగుందో తెలుస్తుంది, వాయిస్తూ తేల్చుకోవడం కష్టం ఎందుకంటే ఒళ్ళో ఉన్న వాయిద్యం సౌండ్ కూడా చెవిలో కలిసిపోతుంది. బ్రిడ్జికి దగ్గరగా ఉంటే తీగ స్పష్టత, దూరంగా పోయేకొద్దీ చెక్క బొంగురు, ఫీడ్‌బ్యాక్ పెరుగుతాయి అన్నది మోటుగా ఒక గుర్తు.

దేంతో అన్నది చాలామంది పట్టించుకోరు. పుట్టీ మందంగా ఉన్నా, ఫోమ్ ఉన్న డబుల్ టేప్ వాడినా హై ఫ్రీక్వెన్సీలు అందులోనే ఇంకిపోతాయి. పికప్‌కీ చెక్కకీ మధ్య ఎంత పల్చగా, ఎంత గట్టిగా ఉంటే అంత స్పష్టంగా వస్తుంది, అందుకే లోపల పర్మనెంట్‌గా పెట్టే డిస్కుల్ని సూపర్ గ్లూతో అంటిస్తారు. అలాగని సౌండ్ మరీ పదునుగా ఉన్నవాళ్ళకి కొంచెం పుట్టీ మేలే చేస్తుంది. పాత వాయిద్యం పాలిష్ మీద మాత్రం ఏది అంటించే ముందైనా, మరీ ముఖ్యంగా వయొలిన్ వార్నిష్ మీద, కనపడని మూల ఒకచోట పెట్టి చూడండి. ఊడదీసేటప్పుడు పాలిష్ కూడా ఊడొస్తే తర్వాత ఏడ్చి లాభం లేదు.

వయొలిన్‌కి ఏది మంచిది?

బ్రిడ్జి రెక్క సందులో దూర్చే పియెజో, ఫిష్‌మన్ వి-200 లాంటిది, పెట్టడం తేలిక. కానీ వయొలిన్ బ్రిడ్జి చాలా తేలికైన చెక్క ముక్క, దాని మీద ఏ బరువు పెట్టినా కొంచెం మ్యూట్ పెట్టినట్టే, మెరుపు కాస్త తగ్గుతుంది. ప్లగ్ చేయకుండా కూడా ఎక్కువ వాయించేవాళ్ళు దాన్ని ఇంటి దగ్గర తీసి పక్కన పెట్టుకోవచ్చు. పికప్ లోపలే పొదిగిన బ్రిడ్జిలు ఉన్నాయి, వాటిని మీ వయొలిన్ ఒంపుకి సరిగ్గా చెక్కించాలి, అది లూథియర్ (తీగ వాయిద్యాలు చేసే, బాగుచేసే మనిషి) పని.

వయొలిన్‌లో పియెజో గీకుడు గిటార్ కంటే ఎక్కువ చికాకు పెడుతుంది ఎందుకంటే కమాను ఆగకుండా తీగని రాపిడి చేస్తూనే ఉంటుంది, ఆ 2 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ఒత్తిడి ఒక్క క్షణం కూడా ఆగదు. అక్కడ వెడల్పుగా 3-4 డెసిబెల్స్ దించి, 7-8 కిలోహెర్ట్జ్ పైన కూడా మెల్లగా వాలిస్తే చెవికి హాయిగా ఉంటుంది. స్టేజి నిశ్శబ్దంగా ఉండే కచేరీ అయితే డీపీఏ 4099 లాంటి క్లిప్ మైక్‌ని మించింది లేదని నా అభిప్రాయం, పక్కనే డ్రమ్స్ ఉంటే మళ్ళీ పియెజోకే రావాలి.

వీణకి?

గిటార్ కోసం చేసిన పట్టీ దూర్చడానికి వీణ బ్రిడ్జిలో గాడి ఉండదు కాబట్టి కాంటాక్ట్ పికప్ లేదా మైక్, అంతే. కుండ పై పలక మీద బ్రిడ్జికి దగ్గరగా మొదలుపెట్టి పైన చెప్పినట్టే వెతకండి. బ్రిడ్జి పైన లోహపు పలక వల్ల వచ్చే ఆ జుమ్మనే హార్మోనిక్స్‌ని పియెజో మరీ ముందుకు తోస్తుంది, బ్రిడ్జికి మరీ ఆనించి పెడితే అదే మిగులుతుంది. మాగ్నెటిక్ పెడతానంటే, ఇత్తడి తీగ దానికి వినపడదని గుర్తుంచుకోండి, స్టీలు తీగలు మాత్రం బ్రహ్మాండంగా మోగి మంద్రం మాయమైపోతుంది. గమకాల చివర సన్నగా సాగే నాదం పోకూడదు కాబట్టి వీణకి కంప్రెసర్ (గట్టి సౌండ్‌కీ మెల్లటి సౌండ్‌కీ తేడా తగ్గించేది) కొద్దిగా పెట్టడం తప్పు కాదు.

ఫీడ్‌బ్యాక్ వస్తోంది, ఏం చేయాలి?

ఫీడ్‌బ్యాక్ అంటే స్పీకర్ సౌండ్ చెక్కని ఊపి, అది పికప్‌లోకి వచ్చి, మళ్ళీ స్పీకర్లోకి వెళ్ళి తిరగడం. ఆ చుట్టుని ఎక్కడో ఒకచోట బలహీనం చేయాలి. ఈక్యూ ముట్టుకునేముందు నిలబడ్డ చోటు మార్చండి. మానిటర్‌కి (వాయించేవాళ్ళు వినడానికి స్టేజి మీద పెట్టే స్పీకర్‌కి) వాయిద్యం పై చెక్క ఎదురుగా లేకుండా పక్కకి తిరగండి, రెండడుగులు వెనక్కి జరగండి. అకౌస్టిక్ ఆంప్‌ని వీపు వెనక పెట్టుకోవడం చాలామంది అలవాటు, అది సరిగ్గా పికప్ మీదకే కొడుతుంది.

తర్వాత ప్రీఆంప్ మీద ఫేజ్ అని రాసి ఉన్న బటన్ నొక్కండి. అది సిగ్నల్‌ని తలకిందులు చేస్తుంది, దాంతో ఏ ఫ్రీక్వెన్సీలో చుట్టు బలపడుతుందో అది మారిపోతుంది. మీరున్న చోటుని బట్టి ఒక వైపు మేలు, ఇంకో వైపు కీడు, ముందే ఇదీ అని చెప్పలేం, నొక్కి వినడమే. హాల్ మారితే మళ్ళీ నొక్కి చూడాలి.

గిటార్‌కి సౌండ్ హోల్‌లో రబ్బరు మూత పెడితే ఆ 100 హెర్ట్జ్ గాలి రెసొనెన్స్ చల్లబడుతుంది, చూడ్డానికి బాగోదు కానీ దీనంత చవకగా ఇంత తేడా తెచ్చేది ఇంకోటి లేదు. లోపల మైక్ కూడా ఉన్న సిస్టమ్ అయితే మూత పెట్టాక మైక్ సౌండ్ డబ్బాలా మారిపోతుంది, అప్పుడు మైక్ పాలు తగ్గించుకోండి.

ఇక నాచ్, అంటే ఒక్క ఫ్రీక్వెన్సీ చుట్టూ మాత్రమే కోసే ఫిల్టర్. వాల్యూమ్ మెల్లగా పెంచుతూ పోతే మొదట హూ అని ఒక స్వరం లేస్తుంది, గిటార్‌లో అది ఎక్కువగా 100 దగ్గరో 200 దగ్గరో ఉంటుంది, దాన్ని సన్నటి నాచ్‌తో దించండి. ఇంకోటి లేస్తే దాన్నీ దించండి. మూడో నాచ్‌కి వచ్చారంటే స్టేజి మీద వాల్యూమే ఎక్కువైందని అర్థం, అది తగ్గించాలి గానీ నాచ్‌లు పెంచుకుంటూ పోతే వాయిద్యంలో మిగిలేదేం ఉండదు. ఇన్-ఇయర్ మానిటర్లు వాడితే స్టేజి మీద ఈ సమస్య చాలావరకు తీరిపోతుంది.

ఈక్యూ ఎక్కడ మొదలుపెట్టాలి?

అన్ని నాబ్‌లూ మధ్యలో పెట్టి మొదలుపెట్టండి. హై-పాస్ ఫిల్టర్‌ని మీ కింది తీగ స్వరానికి కొంచెం దిగువన పెట్టండి, గిటార్‌కి 70-80, మామూలు జి శ్రుతిలో ఉన్న వయొలిన్‌కి 150 చుట్టూ, డబుల్ బేస్‌కి 30. శ్రుతి దించుకుని వాయించేవాళ్ళు దాన్నిబట్టి దించుకోవాలి. అక్కడి కింద సంగీతం ఏదీ లేదు, కాలి చప్పుడు, చెయ్యి తగిలిన చప్పుడు, స్టేజి గుడగుడ తప్ప.

తర్వాత కోతలే, పెంచడాలు కాదు. బొంగురుగా ఉంటే 200-300 మధ్య, ముక్కుతో మాట్లాడినట్టుంటే 700-1000 మధ్య, గీకుతుంటే పైన చెప్పిన క్వాక్ చోటు. బేస్, ట్రెబుల్ పైకి, మిడ్ కిందికి పెట్టే ఆ చిరునవ్వు షేపు ఇంట్లో ఒక్కరే వింటే ఎంత బాగుంటుందో బ్యాండ్‌లో అంత మాయమైపోతుంది, ఎందుకంటే వాయిద్యం వినపడేదే ఆ మిడ్‌లో.

మైక్, పికప్ రెండూ కలిపితే సౌండ్ ఇంకా పల్చబడింది?

రెండూ ఒకే సమయానికి రావట్లేదు. సౌండ్ గాలిలో సెకనుకి సుమారు 343 మీటర్లు పోతుంది, మైక్ 30 సెంటీమీటర్ల దూరంలో ఉంటే పికప్ కంటే దాదాపు 0.9 మిల్లీసెకన్లు ఆలస్యం. ఆ ఆలస్యంతో కలిపితే 570 హెర్ట్జ్ చుట్టుపక్కల ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, అలా పైన ఇంకొన్ని చోట్ల కూడా. ముందు ఒకదాని పోలారిటీ తిప్పి (పైన చెప్పిన ఫేజ్ బటన్ పనే) చూడండి, ఏది నిండుగా ఉంటే అది ఉంచండి. డిజిటల్ మిక్సర్ ఉంటే పికప్ చానెల్‌కి అంత డిలే పెట్టొచ్చు. అన్నిటికంటే నాకు నచ్చే పద్ధతి పని పంచేయడం: 250-300 హెర్ట్జ్ కింద పికప్, ఆ పైన మైక్. కింద ఫీడ్‌బ్యాక్ భయం ఉండదు, పైన గాలి ఉంటుంది, రెండూ కలబడే చోటు తక్కువ.

ఐఆర్ అంటున్నారు, పెడల్స్ అంటున్నారు, అవి పనిచేస్తాయా?

పనిచేస్తాయి. పికప్ సిగ్నల్, మంచి మైక్ సిగ్నల్ రెండూ ఒకేసారి రికార్డు చేసి, మొదటిదాన్ని రెండోదానిలా మార్చడానికి ఏ ఫిల్టర్ కావాలో లెక్కకట్టి ఫైలు చేస్తే అదే ఇంపల్స్ రెస్పాన్స్, అంటే ఐఆర్. 48 కిలోహెర్ట్జ్‌లో 2048 శాంపిల్స్ అంటే సుమారు 43 మిల్లీసెకన్లు, వాయిద్యం ఒంటి గుణం చాలావరకు అందులో పట్టేస్తుంది. టోన్‌డెక్స్టర్ లాంటి పెడల్ ఈ పని మీ వాయిద్యం మీదే నేర్చుకుని చేస్తుంది, ఫిష్‌మన్ ఆరా ముందే రికార్డు చేసి ఉంచిన ఇమేజ్‌లు వాడుతుంది.

వేరేవాళ్ళ గిటార్ ఐఆర్ దింపుకుని వేస్తే ఒక్కోసారి అదిరిపోతుంది, ఎక్కువసార్లు అదోలా ఉంటుంది, ఎందుకంటే అది వాళ్ళ పికప్ లోటు తీర్చడానికి చేసింది. సొంతది చేసుకోండి, నిశ్శబ్దమైన గది, ఒక కండెన్సర్ మైక్ చాలు. వాడేటప్పుడు కూడా నూటికి నూరు పాళ్ళు పెట్టకుండా సగమో కొంచెం ఎక్కువో కలపండి, ఎందుకంటే ఐఆర్‌తో పాటు చెక్క రెసొనెన్స్‌లు, అంటే ఫీడ్‌బ్యాక్ చోట్లు కూడా వెనక్కి వస్తాయి. ముందు క్లిప్ అయిపోయిన సిగ్నల్‌ని, ఇంపీడెన్స్ తప్పిన సిగ్నల్‌ని ఏ ఐఆర్ కూడా బాగుచేయలేదు.

హమ్ వస్తోంది.

తీగ ముట్టుకోగానే తగ్గితే గ్రౌండింగ్ లేదా షీల్డింగ్ సమస్య, జాక్ దగ్గర సోల్డర్ ఊడిందేమో చూడండి, పియెజో వైరు షీల్డు తెగిందేమో చూడండి. మిక్సర్, ఆంప్ వేర్వేరు ప్లగ్ పాయింట్లలో ఉండి రెండూ కలిపినప్పుడే వస్తే అది గ్రౌండ్ లూప్, డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ నొక్కండి. ప్లగ్‌లో ఎర్త్ పిన్ మాత్రం తీసేయకండి, హమ్ పోతుంది, మీ ప్రాణం మీదకొస్తుంది. లైట్ డిమ్మర్లు ఉన్న స్టేజి మీద సింగిల్ కాయిల్ మాగ్నెటిక్ కొంచెం మూలుగుతుంది, తిరిగి నిలబడితే తగ్గుతుంది.

బ్యాటరీ ఎప్పుడు మార్చాలి?

లైటు వెలిగే దాకా ఆగకండి. 9 వోల్టుల బ్యాటరీ మీటర్లో 8 కంటే కిందికి చూపిస్తే మార్చేయండి, లైటు వెలగకముందే గట్టిగా మీటినప్పుడు సౌండ్ చిట్లడం మొదలవుతుంది. చాలా వాయిద్యాల్లో జాక్ గుచ్చితేనే ప్రీఆంప్ ఆన్ అవుతుంది కాబట్టి వాయించాక కేబుల్ పీకేయండి.

ఎలక్ట్రిక్ గిటార్ ఆంప్‌లో వాయించొచ్చా?

వాయించొచ్చు, కానీ దాని స్పీకర్‌ 5 కిలోహెర్ట్జ్ పైన దాదాపు చేతులెత్తేస్తుంది, మిడ్స్‌కి తన సొంత రంగు పూస్తుంది. మాగ్నెటిక్ పికప్‌కి అది కొంతవరకు నప్పుతుంది. పియెజోకి ట్వీటర్ ఉన్న అకౌస్టిక్ ఆంప్ గానీ పీఏ (హాల్‌కి వినిపించే స్పీకర్ సిస్టమ్) గానీ కావాలి.

రివర్బ్?

కొంచెం. పికప్‌లో గది అనేదే లేదు కాబట్టి పొట్టి రూమ్ రివర్బ్ (చిన్న గది ప్రతిధ్వని లాంటి ఎఫెక్ట్) చాలా ఒరిజినల్‌గా మార్చేస్తుంది, పెద్ద హాల్‌లో అయితే హాలే ఇచ్చేస్తుంది, మీరు ఆపేయండి. రివర్బ్‌లోకి వెళ్ళే సిగ్నల్‌కి బేస్ కోసేస్తే బురద కాదు.

సౌండ్ చెక్‌కి ఐదు నిమిషాలే ఇచ్చారు, ఏ వరసలో చేయాలి?

కొత్త బ్యాటరీ, అన్ని ఈక్యూలూ మధ్యలో, మాస్టర్ కింద. మీరు పాటలో ఎంత గట్టిగా వాయిస్తారో అంతే గట్టిగా వాయిస్తూ గెయిన్ పెట్టించండి, చెక్‌లో మెల్లగా వాయించి పాటలో చెలరేగితే ఇంజనీర్ తప్పు కాదు. హై-పాస్ పెట్టించండి. మానిటర్ పెంచుతూ ఫీడ్‌బ్యాక్ చోటు కనుక్కుని ఫేజ్, తర్వాత ఒక నాచ్. టోన్ చివర్న, అది కూడా మీరు స్టేజి దిగి కిందికి వెళ్ళి వింటూ, వేరేవాళ్ళని వాయించమనండి. మానిటర్లో చెడ్డగా ఉన్నది ముందు వరసలో బాగుండటం, అక్కడ బాగున్నది ఇక్కడ చెడ్డగా ఉండటం రోజూ జరిగేదే.

సరే, ఇవన్నీ చేశాను. ఇప్పుడైనా పికప్ మార్చొచ్చా?

మార్చండి. అంతకుముందు ఒక్క పరీక్ష: 10 మెగాఓమ్‌ల ఇన్‌పుట్‌లోకి నేరుగా, ఈక్యూ ఏమీ లేకుండా, హెడ్‌ఫోన్స్‌లో మెత్తగా వాయించి వినండి. అలా బాగుండి స్టేజి మీద చెడిపోతే పికప్ బాగానే ఉంది, గోల మధ్యలో ఎక్కడో ఉంది. మెత్తగా వాయించినా ఒక తీగ చిట్లుతుంటే, తీగ మార్చినా శాడిల్ సరి చేసినా అదే తీగ చిట్లుతుంటే, పియెజో పట్టీ పగిలి ఉండొచ్చు, అది మార్చాల్సిందే. మార్చేటప్పుడు పాత శాడిల్‌ని పారేయకండి. కొత్త పట్టీ మందం వేరేగా ఉంటే తీగల ఎత్తు మారిపోతుంది, అప్పుడు ఎంత రుద్దాలో ఎంత ఉంచాలో కొలుచుకోవడానికి అది కావాలి.